బండి మీటరులో వెలిగే దీపాలు – వాటి అర్థం

2020 ఏప్రిల్ 1న దేశమంతా బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త పెట్రోలు బండ్లలో కార్బ్యురేటరు దాదాపుగా పోయింది. స్కూటరులో కూడా ఇప్పుడు ఇంజెక్టరే పెట్రోలు చిమ్ముతుంది. ఎప్పుడు, ఎంత చిమ్మాలో లెక్కకట్టే చిన్న కంప్యూటరు పేరు ఈసీయూ. ఇంజను వేడి, లోపలికి వచ్చే గాలి, పొగగొట్టంలో మిగిలిన ఆక్సిజన్ వంటి వివరాలను సెన్సర్లు దానికి పంపుతాయి. ఆ లెక్క కుదరకపోతే అది ఒక కోడ్ నమోదు చేసుకుని, మీటరులో ఇంజను బొమ్మ దీపం వెలిగిస్తుంది.

ఈ బొమ్మలకు భాషతో పని లేదు. బళ్లారిలోనైనా, హోసూరులోనైనా, బరంపురంలోనైనా, యానాంలోనైనా అవే గుర్తులు. పసుపు దీపమైతే త్వరగా చూపించుకోవాలి. ఎరుపైతే బండి పక్కకు ఆపాలి. ముఖ్యంగా అల్లావుద్దీన్ దీపంలా ఉండే ఆయిల్ గుర్తు ఎర్రగా వెలిగితే వెంటనే ఇంజను ఆపేయాలి. కారులో ఇంజను దీపం ఆరి వెలుగుతుంటే పెట్రోలు సరిగా మండడం లేదని అర్థం. అలాగే నడిపితే పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టరు పాడవుతుంది. అది ఖరీదైన సామాను.

మేము గట్టిగా చెప్పదలచింది కోడ్ చెరపడం గురించి. కారు స్టీరింగు కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. దానికి స్కానరు తగిలిస్తే కోడ్ కనిపిస్తుంది. ఒక్క మీట నొక్కితే చెరిగిపోతుంది కూడా. దీపం ఆరినంత మాత్రాన లోపం పోయినట్టు కాదు, కొన్నాళ్లకు మళ్లీ వెలుగుతుంది. కాబట్టి కోడ్ నంబరు, మార్చిన భాగం పేరు బిల్లు మీద రాయించుకోండి. గుమాస్తాగిరీ చేసినవాళ్లం, కాగితం విలువ మాకు తెలుసు.

ఏబీఎస్ దీపం ఆరకుండా ఉంటే మామూలు బ్రేకు పనిచేస్తుంది గానీ, గట్టిగా తొక్కినప్పుడు చక్రం బిగుసుకుని జారవచ్చు. మోటారుసైకిలు కదిలే వరకు ఆ దీపం వెలిగి ఉండటం మాత్రం మామూలే.

పాత కారు కొనేవారు ఎయిర్‌బ్యాగ్ దీపాన్ని తప్పక చూడాలి. తాళం తిప్పగానే వెలిగి, కొన్ని క్షణాల్లో ఆరాలి. ఆరకపోతే ప్రమాదంలో బ్యాగు తెరుచుకోకపోవచ్చు. అసలు వెలగకపోయినా అనుమానించాల్సిందే. లోపం కనబడకుండా దీపాన్నే తీసేసి ఉండవచ్చు. బేరం ఆడక ముందే ఈ పరీక్ష చేయండి.