ఊరిలెక్కను చూడవలసిన దెవరు?



ఊరిసొమ్ము తినువారిని గూర్చి మన మందరము మాటలాడుదుము. ఆ సొమ్మునకు లెక్క చూచువారిని గూర్చి మాటలాడువారు తక్కువ. నేడు నేను విన్నవింపదలచినది ఈ రెండవ సంగతి. ఇందుకు వేయియేండ్లు దాటిన యొక శాసనమును సాక్షిగా దెచ్చుచున్నాను.

కాంచీపురమునకు దక్షిణమున ఉత్తరమేరూరను గ్రామము కలదు. అచ్చటి వైకుంఠపెరుమాళ్ల ఆలయపు గోడలపై రెండు తమిళశాసనము లున్నవి. చోళరాజగు మొదటి పరాంతకుని కాలమున, 919లో నొకటి, 921లో నొకటి వెలసినవి. గ్రామసభ నడచుటకు సభవారే చేసికొన్న కట్టుబాట్లు వానిలో గలవు. మొదటి కట్టుబాటు చేసిన రెండేండ్లకే దానిని సవరించి రెండవది చేసికొనిరి.

గ్రామమును 30 భాగములుగా విభజించిరి. ప్రతి భాగమునందును అర్హులైనవారి పేర్లు చీటులపై వ్రాసి కుండలో వేయుదురు. బాలురు మొదలు వృద్ధులవరకు సభ కూడియుండగా, పూజారులలో పెద్దవాడు కుండను పైకెత్తి యెల్లరకు జూపును. లోపల నేమున్నదో యెరుగని బాలుడు చీటి తీయును. మధ్యస్థుడు ఐదువ్రేళ్లును చాచిన అరచేత దానిని గ్రహించి బిగ్గరగా చదువును. పిమ్మట అచ్చటి పూజారులందరును ఆ చీటినే చదువుదురు. ఇట్లేర్పడినవారిలో 12 మంది సంవత్సరవారియమునను, 12 మంది తోటవారియమునను, 6 గురు చెరువువారియమునను 360 దినములు పనిచేసి దిగిపోవుదురు.

ఈ చీటుల కథ పెక్కుమంది యెరిగినదే. అంతకంటె విలువైన మాట అర్హతల పట్టికలో నున్నది. పూర్వము సంఘములో నుండి లెక్క యొప్పజెప్పనివాని పేరు కుండలో వేయరాదు. వాని తండ్రి, కొడుకు, అన్నదమ్ములు, మామ, అల్లుడు, బావమరది, మేనల్లుడు, మేనమామ కొడుకు, మేనత్త కొడుకు, తల్లి అక్కచెల్లెండ్ర కొడుకులు, వీరి పేర్లును వేయరాదు. గ్రామపు లెక్కవ్రాయువానికిని ఇట్టి కట్టుబాటే కలదు. వాడు తన కాలపు లెక్కలను పెద్దసంఘమువారి యెదుట తానే యొప్పజెప్పి, నిజాయితీపరుడని తేలినపిమ్మటనే మరల ఆ పనికి రావలెను. ఒకడు వ్రాసిన లెక్కను వేరొక లెక్కరి వచ్చి ముగింపరాదు.

బావమరది యను మాట చదివినప్పుడు నాకు సిగ్గు కలిగెను. సుమారు నలువదియేండ్ల క్రిందట మాయూరి చెరువుతూమును బాగుచేయించిరి. పని చేయించినవాడు నా బావమరది. "మాస్టరుగారూ, మీరు చూచి చేవ్రాలు చేసిన చాలును" అని నలుగురు ననిరి. కాగితములు తిరుగవేసితిని. సిమెంటు బస్తాల సంఖ్య పనికి మించి తోచెను. అడుగవలెనని మాట నోటిదాక వచ్చెను. ఇంట రేగబోవు కలతను దలచి, ఆ మాట మ్రింగి చేవ్రాలు చేసితిని. రెండవ వర్షాకాలమున తూము కూలెను. దిగువపొలములు ఆ యేడు బీడువడెను. అతడు సొమ్ము తినెనో, ఇతరులచే మోసపోయెనో నేటికిని నేనెరుగను. ఏలయన నే నడుగలేదు.

ఉత్తరమేరూరును మితిమీరి పొగడుటయు తగదు. అది బ్రాహ్మణాగ్రహారము. పన్నుగట్టు భూమి, స్వగృహము, వేదపాఠము గలిగి 35 మొదలు 70 ఏండ్లలోపు వయసువారికే చీటి. భూమిలేని కూలివాని పేరు ఆ కుండలో పడదు. తమలో దాము పరీక్షించుకొనిరేగాని, చెరువుమట్టి మోసినవానికి అడుగు హక్కు నిచ్చిన కట్టుబాటు ఆ గోడపై లేదు.

ఆ కొరత దీర్చు యత్నములు మన కాలమున జరిగినవి. 1993 ఏప్రిల్ 24 నుండి అమలైన 73వ రాజ్యాంగసవరణము గ్రామసభకు రాజ్యాంగమున స్థానమిచ్చెను. 1994లో రాజస్థానమున కూలిజనులు బహిరంగసభలు చేసి, పనుల లెక్కలను పనిచేసినవారి యెదుటనే చదివించిరి. 2005లో సమాచారహక్కు చట్టము వచ్చెను. 2006 నుండి ఆంధ్రదేశమున ఉపాధిహామీ పనులకు సామాజిక తనిఖీ మొదలయ్యెను. కూలికుటుంబముల యువతీయువకులు శిక్షణపొంది యిల్లిల్లు దిరిగిరి; హాజరుపట్టీలోని పేరును మనిషితోను, పుస్తకములోని కొలతను నేలమీది పనితోను సరిచూచి సభలో చదివిరి. తనిఖీ చేయువారు ఆ పంచాయతీలో నివసించువారై యుండరాదనియు, పని చేయించు శాఖ తనిఖీలో జోక్యము చేసికొనరాదనియు 2011లో కేంద్రప్రభుత్వము నియమములు చేసెను. నాటి బంధువుల పట్టికలోని వివేకమే యిది. అయినను తేలిన సొమ్మును తిరిగి రాబట్టుట చాలచోట్ల వెనుకబడెను. చూచు కన్ను మాత్రమే చాలదు. చూచినదానిపై కదలు చేయియు వలయును.

పెద్దలారా! మీ యూరిసభలో లెక్క చదువునప్పుడు రెండు ప్రశ్న లడుగుడు. ఈ లెక్క వ్రాసిన దెవరు? దీనిని చూచిన దెవరు? వారిద్దరి నడుమ చుట్టరికముగాని, ఋణముగాని, భయముగాని యున్నచో ఆ చూపు చూపుగాదు. మిమ్ములనే చూడుమన్నచో, లెక్క మీవారిదైనచో, "నేను చూడరాదు, వేరొకరిని పిలువుడు" అని సభలోనే చెప్పుడు. ఆ నాలుగుమాటలు చెప్పుటకు నాకు నాడు ధైర్యము చాలలేదు. మీకు చాలుగాక.