తొమ్మిదో చిప్ ఎటు పోయింది?

కంప్యూటర్ లెక్క తప్పడానికి ఒక ఏటి నీళ్లు కారణమయ్యాయంటే మొదట నేను నమ్మలేదు. 1970ల చివర్లో ఇంటెల్ చేసిన 16 కిలోబిట్ మెమరీ చిప్‌లు ఉన్నట్టుండి తప్పులు చెప్పసాగాయి. తప్పు దొర్లిన చోటే మళ్లీ రాసి చదివితే సరిగ్గానే చెబుతున్నాయి. వెతగ్గా వెతగ్గా దోషం చిప్‌లో లేదని, దాని పింగాణీ తొడుగులో ఉందని తేలింది. ఆ తొడుగులు చేసే కర్మాగారం అమెరికాలో గ్రీన్ నది ఒడ్డున ఉండేది. దానికి ఎగువన పాత యురేనియం మిల్లు. అక్కడి వ్యర్థాలు నీళ్లలో కలిసి, నీళ్లతో పాటు పింగాణీలోకి చేరాయి. 1978లో ఇంటెల్ పరిశోధకులు మే, వుడ్స్ ఈ గుట్టు విప్పారు.

కృష్ణా నది దాపున బతికేవాళ్లను ఈ కథ ఊరికే వదలదు. నాగార్జున సాగర్ జలాశయం పక్కనే లంబాపూర్, పెద్దగట్టు గుట్టల్లో యురేనియం ఉంది. 2003లో తవ్వకాలపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు జనం గట్టిగా ఎదురుతిరిగింది నీళ్ల కోసమే. ఆ సాగర్ ఎడమ కాలువే మిర్యాలగూడ, కోదాడ పొలాలను తడుపుతుంది. నీటిలో కలిసింది ఎక్కడెక్కడికి చేరగలదో ఆ చిప్‌ల కథ కళ్లకు కట్టింది.

ఇంతకీ లోపల జరిగిందేమిటి? ర్యామ్‌లో ప్రతి బిట్టూ ఒక బుల్లి కెపాసిటర్. అందులో ఛార్జి ఉందా లేదా అన్నదాన్ని బట్టే ఒకటో సున్నానో. ఆనాటి కెపాసిటర్‌లో పట్టేవి సుమారు పది లక్షల ఎలక్ట్రాన్లు. యురేనియం విడిచిన ఒక్క ఆల్ఫా కణం సిలికాన్‌లో దూరితే దారి పొడవునా అంతకు మించే లేపుతుంది. ఇంకేముంది, బిట్ తిరగబడుతుంది. మరుసటి ఏడాదే ఐబీఎం శాస్త్రవేత్త జీగ్లర్, ఆయన సహచరుడు లాన్‌ఫర్డ్ ఇంకో మాట చెప్పారు: ఆకాశం నుంచి వచ్చే విశ్వకిరణాలూ ఇదే పని చేయగలవు. ఐబీఎం వాళ్లు సముద్రమట్టానికి మూడు వేల మీటర్ల ఎత్తున ఉన్న లెడ్‌విల్‌లోనూ, భూగర్భ గనిలోనూ చిప్‌లు పెట్టి చూశారు. కొండ మీద తప్పులు పెరిగాయి, గనిలో తగ్గాయి.

యురేనియం, విశ్వకిరణాలు, కంప్యూటర్లు మూడూ ఇరుగుపొరుగుగా ఉన్న పేట మన హైదరాబాద్‌లోనే ఉంది. ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్ అనగానే మనకు బస్సులు గుర్తొస్తాయి. మొగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో ఈసీఐఎల్ 1967లో మొదలైంది. అణు ఇంధనం చేసే ఎన్ఎఫ్‌సీ 1971లో పక్కకు వచ్చింది. ఆ దగ్గర్లోనే విశ్వకిరణాల పరిశోధనకూ వాడే టాటా పరిశోధన సంస్థ వాళ్ల బెలూన్ కేంద్రం. అక్కడి నుంచి పరికరాలు ముప్పై, నలభై కిలోమీటర్ల ఎత్తుకు ఎగిరి, పారాచూట్లతో పొలాల్లో దిగుతాయి. అవేమిటో తెలియక ఊళ్లవాళ్లు పోలీసులకు ఫోన్ చేసిన వార్తలు ఇప్పటికీ పేపర్లో వస్తుంటాయి.

ఈసీఐఎల్ 1969లో తెచ్చిన టీడీసీ-12 కంప్యూటర్ మెమరీ ఫెరైట్ ఉంగరాలతో అల్లినది. ఆ ఉంగరాల పుట్టుక దగ్గర ఎంతసేపైనా ఆగాలనిపిస్తుంది. మెమరీని పరీక్షించడమనే విద్య కూడా అక్కడే గట్టిపడింది.

1950ల మొదట్లో ఎంఐటీలో వర్ల్‌విండ్ అనే కంప్యూటర్ ఉండేది. దాని మెమరీ గాజు గొట్టాల్లో నిలిపిన ఛార్జి. రెండు గంటలకోసారి ఏదో ఒక లోపం. రోజుకు నాలుగు గంటలు మరమ్మతుకే సరి. అక్కడి ఇంజినీరు జే ఫారెస్టర్ అయస్కాంత ఉంగరాలతో కొత్త మెమరీ ఆలోచించాడు. కానీ పనిచేస్తున్న యంత్రంలో పరీక్షించని సరుకు పెట్టడానికి ఎవరూ ఒప్పుకోరు. అందుకని ఆ మెమరీని పరీక్షించడానికే ఇంకో పూర్తి కంప్యూటర్ కట్టారు! దాని పేరే మెమరీ టెస్ట్ కంప్యూటర్. కట్టించిన కెన్ ఓల్సన్ తర్వాత 1957లో డెక్ కంప్యూటర్ కంపెనీ పెట్టాడు. పరీక్షలో నెగ్గిన ఉంగరాలు 1953 ఆగస్టులో వర్ల్‌విండ్‌లోకి వెళ్లాయి. మెమరీ మరమ్మతు రోజుకు నాలుగు గంటల నుంచి వారానికి రెండు గంటలకు దిగింది. రెండు గంటలకోసారి వచ్చే లోపం రెండు వారాలకోసారి అయింది.

వాళ్లదే ఇంకో అలవాటు నాకు మరీ ఇష్టం. యంత్రం బాగా నడుస్తున్నప్పుడే, కావాలని వోల్టేజీని అటూ ఇటూ జరిపి చూసేవాళ్లు. బలహీనపడ్డ గొట్టం అప్పుడే తడబడేది, అప్పుడే మార్చేసేవాళ్లు. మేళ్లచెరువు శివరాత్రి జాతరలో బండ కడితే గానీ ఏ ఎద్దు సత్తా ఎంతో తేలనట్టే, కష్టపెడితే గానీ ఏ భాగం ఎంత గట్టిదో తెలియదు. ఇవాళ ర్యామ్ మీద రాత్రంతా నడిపే పరీక్షలన్నీ ఆ అలవాటుకు వారసులే.

తర్వాతి కథ త్వరగానే చెప్పుకోవచ్చు. తప్పును తనంతట తనే దిద్దుకునే సంకేతాలను గణితవేత్త హామింగ్ 1950లోనే ప్రచురించాడు. 1970లో ఇంటెల్ 1103 మెమరీ చిప్ వచ్చాక ఉంగరాల రోజులు దగ్గరపడ్డాయి. 1981 నాటి ఐబీఎం పీసీలో ఎనిమిది బిట్లకు ఎనిమిది చిప్‌లు సరిపోతాయి, అయినా వరుసకు తొమ్మిది ఉండేవి. తొమ్మిదోది కాపలాదారు. ఒక్క బిట్ తేడా వచ్చినా తెర మీద పారిటీ చెక్ అని రాసి యంత్రాన్ని ఆపేసేది. తప్పుడు లెక్క ఫైల్లోకి ఎక్కనిచ్చేది కాదు.

1990ల మధ్యలో ఖర్చు తగ్గించుకోవడానికి ఆ తొమ్మిదో చిప్‌ను పీకేశారు. స్విచ్ వేయగానే తెర మీద అంకెలు పెరుగుతూ మెమరీని లెక్కపెట్టే దృశ్యం కూడా మెల్లగా మాయమైంది. సర్వర్లకు మాత్రం తప్పులను పట్టి దిద్దే ఈసీసీ మెమరీ మిగిలింది. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది. 2009లో గూగుల్ సర్వర్ల మీద వచ్చిన అధ్యయనంలో ఏడాదిలో నూటికి ఎనిమిది మాడ్యూళ్లలో తప్పులు కనిపించాయి. వాటికి కాపలా ఉంది కాబట్టి లెక్క తేలింది. మన ఇళ్లలో, కొట్లలో ఉన్నవాటికి లెక్క చెప్పేవాళ్లెవరు? 2003లో బెల్జియంలోని స్కార్‌బీక్‌లో ఎన్నికల కంప్యూటర్ లెక్కలో ఒక అభ్యర్థికి ఉండాల్సిన వాటికన్నా 4096 ఓట్లు ఎక్కువ పడ్డాయి. పన్నెండు రెండ్లను ఒకదానితో ఒకటి హెచ్చిస్తే వచ్చేది సరిగ్గా ఆ అంకే. ఒక్క బిట్ తిరగబడి ఉంటుందని నిపుణులు తేల్చారు.

కాపలా పోయింది కాబట్టి ఆ పని మెకానిక్ మీద పడింది. బ్లూ స్క్రీన్ వస్తోందనో, డిస్‌ప్లే రావట్లేదనో సీపీయూ పట్టుకొస్తే కోదాడలోనైనా సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనైనా మొదటి పని ఒకటే: ర్యామ్ తీసి, బంగారు పూత కాళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, బ్రష్‌తో స్లాట్ దులిపి, క్లిప్ టక్కుమనేదాకా నొక్కడం. సిమెంటు దుమ్ము ఉన్నచోట చాలాసార్లు దీంతోనే పని అయిపోతుంది. కాకపోతే బయోస్‌లో ర్యామ్ వేగం పెంచే ఎక్స్ఎంపీ సెట్టింగ్ ఆపి, ఒక్క స్టిక్ ఉంచి, పెన్ డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 నడపాలి. 1990ల నుంచి నమ్మకంగా పనిచేస్తున్న సాధనం అది. తప్పు వస్తే అదే స్టిక్‌ను వేరే స్లాట్‌లో, వేరే స్టిక్‌ను అదే స్లాట్‌లో పెట్టి చూడాలి. తప్పు స్టిక్ వెంట నడిస్తే స్టిక్‌ది, అక్కడే ఉండిపోతే స్లాట్‌దో బోర్డుదో.

ఒక్కోటి విడిగా బాగుండి, రెండూ కలిస్తే తప్పులొస్తే, అప్పుడు టైమింగ్‌లు చూడాలి. డీడీఆర్4-3200 స్టిక్‌కు సీఎల్ అనే టైమింగ్ 16 అంటే, అడిగిన డేటా చేతికందడానికి 10 నానోసెకన్లు. 18కి పెంచితే 11.25. ప్రామాణిక సెట్టింగ్ 22 అయితే 13.75. ఆ కాస్త ఊపిరి దొరికితే ఎన్నో యంత్రాలు కుదుటపడతాయి. వేగం ఒక మెట్టు తగ్గించినా అంతే. వోల్టేజీ మాత్రం స్టిక్ మీద రాసినదానికి మించకూడదు. వేడికి కెపాసిటర్లలో ఛార్జి త్వరగా కారిపోతుంది. అందుకే మామూలుగా 64 మిల్లీసెకన్లకోసారి నింపే ఛార్జిని, చిప్ 85 డిగ్రీలు దాటితే 32కే నింపాలి. సూర్యాపేట మే నెల ఎండలో, ఫ్యాన్‌కు దుమ్ము పట్టిన పెట్టెలో ఇదేమీ చిన్న విషయం కాదు. డిసెంబరులో పాసైన స్టిక్‌ను ఎండాకాలంలో ఇంకోసారి పరీక్షించాలి.

డీడీఆర్5 చిప్‌లు లోపల్లోపలే కొన్ని తప్పులు దిద్దుకుంటాయి. కానీ చిప్ నుంచి ప్రాసెసర్ దాకా ఉన్న దారికి అది కాపలా కాదు. కాబట్టి మీసేవ కేంద్రం, సహకార సంఘం, ఆసుపత్రి, పరీక్షల విభాగం కొనే కంప్యూటర్ల టెండర్లలో ఈసీసీ తప్పనిసరి అని రాయాలి. జనం పేర్లు, అప్పులు, మార్కులు ఉండే మెమరీకి ఆ కొద్దిపాటి అదనపు ఖర్చు పెట్టి తీరాలి.