దేశాంతర తీర్థయాత్రలు – మన ఊరిపేరు, మన ఇంటిపేరు

తిరువళ్ళూరు వీరరాఘవస్వామి సన్నిధి 108 దివ్యదేశములలో నొకటి. ఆ 108లో రెండు ఈ భూమిపై లేనివి. తక్కిన 106లో 105 భారతదేశమున నున్నవి. మిగిలిన ఒక్కటి సాలగ్రామ క్షేత్రము. నేడు నేపాళమందలి ముస్తాంగు జిల్లాలో ముక్తినాథమని పిలువబడు స్థలమే అదియని పెద్దల నిర్ణయము. కనుక అమావాస్యనాడు హృత్తాపనాశినిలో స్నానమాడి, బెల్లము నీట కరగించి మ్రొక్కు తీర్చుకొను గృహస్థుడు "దివ్యదేశము లన్నియు సేవింపవలెను" అని ఎన్నడు సంకల్పించునో, ఆనాడే పరదేశ ప్రయాణమునకును సంకల్పించినవా డగుచున్నాడు.

తిరుత్తణి సంగతియు నట్టిదే. 365 మెట్ల కొండపై వెలసిన సుబ్రహ్మణ్యస్వామి సన్నిధికి ఆడికృత్తికనాడు పూలకావళ్ళతో వచ్చు జనములో తెలుగువా రెందరో. ఆ స్వామి కోపము చల్లారి, వళ్ళీదేవిని చేపట్టి నిలిచిన తావిది యని స్థలపురాణము. అదే వళ్ళీదేవి కథను సింహళద్వీపమున కదిర్కామమునకును చెప్పుదురు. ఈ కొండకు కావడి మోసినవారికి ఆ కదిర్కామమును కూడ చూడవలెనను కోరిక పుట్టుట సహజమే గదా! నడుమ సముద్ర మున్నది. సముద్రముకంటె దాటరానివిగా కాగితము లున్నవి.

"పూర్వము ఈ కాగితముల బెడద లేదు, మనసు గట్టిపడినచో మూట కట్టుకొని పోవువారు" అని మన పెద్దలలో కొంద రందురు. చరిత్రను పరికించినచో ఆ మాట సగమే నిజము. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న బయలుదేరి, తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశి చేరి, గయను సేవించి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిరి. వారి దినచర్య "కాశీయాత్ర చరిత్ర" యను పేర 1838లో అచ్చైనది. అప్పటికి కాశి మనకు పరదేశము వంటిదే. నడుమ నైజాము సీమ యున్నది, భోంసలేల సీమ యున్నది. ఒక్కొక్క ప్రభువు ఎల్ల దాటునప్పు డొక్కొక్క విచారణ. అదియంతయు దాటి పోయినను, ప్రయాగ, గయ, జగన్నాథములయందు కుంపిణీవారు యాత్రికులనుండి పన్ను వసూలు చేయుచుండిరి. ఈ పన్ను 1840లో రద్దయ్యెను. నేటి వీసా రుసుమును చూచి నిట్టూర్చువారు ఆనాటి వారు గంగలో మునుగుటకును పన్ను కట్టిరని యెరుగుట మంచిది.

1856 జూలై 1న రాయపురమునుండి వాలాజా రోడ్డువరకు దక్షిణదేశపు తొలి రైలుబండి నడచెను. ఆ దారి తిరువళ్ళూరు మీదుగనే పోవును. ఆ తరువాత ఇనుపదారులు పెరిగినకొలది కాశి మన ఇంటిపక్కకు వచ్చినది. పరదేశ మనుమాట కదిర్కామమునకు, పశుపతినాథమునకు, ముక్తినాథమునకు, కైలాసమునకు మాత్రమే మిగిలెను.

కదిర్కామపు దారి కొంతకాలము సుగమముగనే యుండెను. 1914లో రైలు ధనుష్కోటి చేరెను. అచ్చట ఓడ యెక్కి తలైమన్నారులో దిగి మరల రైలెక్కవచ్చును. అయినను సింహళ ప్రభుత్వమువారు మన గడ్డమీదనే, మండపమున, వ్యాధిపరీక్షల శిబిరము పెట్టి, తోటలకు పోవు కూలీలను అచ్చట నిలిపి పంపుచుండిరి. సింహళము స్వతంత్రమైన పిమ్మట చేసిన ప్రవేశ చట్టము 1949 నవంబరు 1న అమలులోనికి వచ్చుటతో భారతీయులకు పాస్‌పోర్టు, వీసాలు తప్పనిసరి యయ్యెను. 1964 డిసెంబరు తుపానులో ధనుష్కోటియే పోయెను. నేటి సంగతి వేరు. 2012 జనవరినుండి ఇంటినుండియే కంప్యూటరు మూలమున ముందస్తు అనుమతి పొందవచ్చును. కాని 2024 ఏప్రిలులో ఆ పద్ధతిని మార్చి వేరొక సంస్థ కప్పగించిరి, రుసుము పెరిగెను. ఆగస్టులో ఆ దేశపు సుప్రీంకోర్టు దానిని నిలిపివేయగా, సెప్టెంబరు చివర పాతపద్ధతియే తిరిగి వచ్చెను. ఆరు నెలలలో ఇన్ని మార్పులు! నిరుడు పోయివచ్చిన పొరుగువాని మాట నమ్మి ఈ యేడు బయలుదేరరాదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

నేపాళపు కథ దీనికి తలక్రిందు. రాణాల పాలనలో ఆ దేశము మూసిన తలుపు. మైదానపు భారతీయునికైనను రహదారీ పత్రము కావలసి యుండెను. శివరాత్రికి మాత్రము పశుపతినాథుని దర్శనార్థము కొలది దినములు ఆ నిర్బంధమును సడలించెడివారు. 1950 జూలై 31న కుదిరిన మైత్రీసంధితో రాకపోకలు తేలికపడి, నేటికిని మనకు వీసా అక్కరలేదు. అయితే 1999 డిసెంబరు 24న ఖాట్మండునుండి ఢిల్లీకి వచ్చుచుండిన విమానమును దుండగులు కాందహారుకు మళ్ళించిన పిదప, 2000లో విమానయాత్రికులకు గుర్తింపు పత్రము తప్పనిసరి చేసిరి. పాస్‌పోర్టైనను, ఓటరు కార్డైనను చాలును. అంతట ఎల్లెడల చెల్లు ఆధార్ కార్డు ఇచ్చట పెద్దలలో చాలమందికి చెల్లదు. ఈ చిన్న సంగతి తెలియక విమానశాలనుండి తిరిగి వచ్చినవారు గలరు.

ఇక కైలాస మానససరోవరములు. ఈ యాత్రను గూర్చి తెలుగువారికి గర్వకారణమైన పేరొకటి గలదు. గోదావరి సీమవారైన స్వామి ప్రణవానంద అనేక పర్యాయములు ఆ సరస్సు తీరమున వసించి, దారులు, మజిలీలు, దూరములు, వెంటగొనిపోవలసిన వస్తువులు అన్నియు గుదిగ్రుచ్చి ఆంగ్లమున 1949లో గ్రంథము ప్రకటించిరి. దానికి నెహ్రూ తొలిపలుకు వ్రాసిరి. 1954 ఏప్రిల్ 29న భారత చీనాల నడుమ జరిగిన ఒప్పందములో యాత్రికులకు ఏ ధ్రువపత్రమును అక్కరలేదనియు, సరిహద్దు ఠాణాలో పేరు నమోదు చేయించుకొని అనుమతి చీటీ పొందినచో చాలుననియు వ్రాసికొనిరి. పేరు చెప్పినచో చాలును! అంత సులువైన ఏర్పాటు ఎనిమిదేండ్లే నిలిచెను. 1962లో ఒప్పందము గడువు తీరెను, యుద్ధము వచ్చెను, దారి మూసిరి. 1981లో తెరచిరి, 2015లో నాథులా దారి తోడయ్యెను, 2020లో మహమ్మారితో మరల మూసి 2025లో తెరచిరి. ఇప్పుడు పాస్‌పోర్టు కావలెను, వయస్సు 18కి తక్కువ, 70కి ఎక్కువ కారాదు, ఎత్తునకు తగిన బరువున్నదా యని వైద్యులు చూతురు.

ఈ వృత్తాంతమంతయు చెప్పుటకు కారణ మొకటి గలదు. ఎల్లలవద్ద నియమములు మారుచునే యుండును. వానిని మార్చుట మన చేతిలో లేదు. కాని మా యెరుకలో, ఈ రెండు ఊళ్ళ తెలుగు కుటుంబములను యాత్రకు ముందే ఆపివేయునవి పరదేశపు నియమములు కావు, మన ఊరిపేరును, మన ఇంటిపేరును.

ఊరిపేరు మొదట చెప్పెదము. తిరుత్తణి 1911 ఏప్రిల్ 1కి పూర్వము ఉత్తరార్కాడు జిల్లాలోనిది. సర్వేపల్లి రాధాకృష్ణగారు 1888లో ఆ ఊరి సమీపమున జన్మించినప్పు డట్లే యుండెను. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడగా దానిలో చేరెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్. 1960 ఏప్రిల్ 1న, పటాస్కరుగారి తీర్పు ననుసరించి చేసిన చట్టముచే, మద్రాసు రాష్ట్రమున చెంగల్పట్టు జిల్లాలోనికి వచ్చెను. 1969 జనవరి 14న రాష్ట్రము పేరు తమిళనాడు. 1997లో జిల్లా పేరు తిరువళ్ళూరు. బదులుగా పొన్నేరి, తిరువళ్ళూరు తాలూకాల పల్లెలు కొన్ని ఆంధ్రకు పోయి సత్యవేడు తాలూకా యయ్యెను. అదియు 2022లో చిత్తూరు జిల్లాను వీడి తిరుపతి జిల్లాలో చేరెను. ఒకే ఇంట, ఒకే గదిలో పుట్టిన అన్న 1952లో మద్రాసు రాష్ట్రమున, నడిమివాడు 1955లో ఆంధ్రరాష్ట్రమున, చెల్లెలు 1961లో మరల మద్రాసు రాష్ట్రమున పుట్టినవా రగుదురు! ఇల్లు మాత్రము అంగుళమైన కదలలేదు. బడి విడుపు పత్రములో "చిత్తూరు జిల్లా" యనియు, ఆధారులో "తిరువళ్ళూరు జిల్లా" యనియు నున్నచో రెండును సత్యములే. దరఖాస్తులో నేటి జిల్లా పేరు వ్రాసి, పాతపత్రములో నున్న పేరునకు కారణము తేదీతోసహా చెప్పగలుగవలెను. ఈ తేదీలు ఇంటిలో వ్రాసి యుంచుకొనదగినవి.

ఇంటిపేరు కథ ఇంకను చిక్కైనది. మన ఆచారమున ఇంటిపేరు ముందు, పెట్టినపేరు వెనుక. ఈ రాష్ట్రపు ఆచారమున తండ్రిపేరు మొదటి అక్షరమే పేరునకు ముందు నిలుచును. వివాహమైన స్త్రీకి భర్తపేరు మొదటి అక్షరము. బడిలో చేర్చునాడే ఇంటిపేరు జారిపోవును. పాస్‌పోర్టు అడుగునది పెట్టినపేరు, వంశనామము. పొడి అక్షరము అచ్చట చెల్లదు, విప్పి చెప్పవలెను. అప్పుడు తండ్రిపేరో భర్తపేరో వంశనామ మగును. ఒకే కుటుంబమున మూడు తరములవారికి మూడు వంశనామములు. కొందరు ముత్తైదువలకు ఒక్క పేరు మాత్రమే మిగులును. అదియు కొన్నియెడల అడ్డమే: 2022 నవంబరులో అరబ్బు ఎమిరేట్లవారు ఒంటిపేరు పాస్‌పోర్టులపై సందర్శక వీసాకు ఆంక్ష పెట్టిరి. 2024 ఫిబ్రవరి 14న అబూధాబీలో ప్రారంభమైన దేవాలయమును చూడగోరు వారికి ఇది తగులును.

దీనికి తోడు లిపి. తమిళలిపిలో క, ఖ, గ, ఘలకు అక్షర మొకటే. ప, బ, భలకును అంతే. భాగ్యమ్మ రేషను కార్డులో పాక్కియమ్మాళ్ అగును. దానిని చూచి మరియొకరు ఇంగ్లీషున వ్రాయుదురు; ఓటరు కార్డున ఇంకొకరు ఇంకొకరీతి వ్రాయుదురు. ఇందు గుమాస్తాల దోషము మాకు కనబడదు. వారు తమ లిపిలో విన్నది వ్రాసిరి. కాని మా బంధువర్గములోని ఒక వృద్ధదంపతులు ముక్తినాథ యాత్రకు విమానపు టికెట్లు కొనిన తరువాత, ఇల్లాలి పేరు టికెట్టుపై ఒకరీతి, ఓటరు కార్డుపై ఒకరీతి యుండుట చూచి, టికెట్లు వదులుకొని, రైలులో గోరఖ్‌పూరు చేరి సోనౌలి మీదుగా భూమార్గమున పోయిరి. ఆరోగ్యము బాగున్నది కనుక పోగలిగిరి. ముక్తినాథము 3,700 మీటర్ల యెత్తున నున్నది. ఇంకను జాగు చేసినచో దేహ మొప్పుకొనక పోవచ్చును.

పూర్వము పాస్‌పోర్టు ఇచ్చుట ఇవ్వకపోవుట ప్రభుత్వపు దయ. 1967 ఏప్రిలులో సుప్రీంకోర్టు తీర్పుతోను, ఆ సంవత్సరమే వచ్చిన చట్టముతోను అది పౌరుని హక్కైనది. హక్కు గనుక ప్రయాణము నిశ్చయించుకొనక పూర్వమే పొంది యుంచుకొనుట మేలు. మనుమల విషయమున మరియొక మార్పు: 2023 అక్టోబరు 1న గాని అటుపిమ్మట గాని పుట్టినవారికి జననధ్రువపత్ర మొక్కటే ప్రమాణ మని 2025లో నిర్ణయించిరి. నామకరణము కాగానే ఇంటిపేరుతో సహా పేరు నమోదు చేయించుట కిది మంచి తరుణము.

వృద్ధులకు నేపాళ విమానయాత్రలో ఒక వెసులుబాటు గలదు. 65 ఏండ్లు దాటినవారు, 15 ఏండ్లకు లోబడినవారు పాస్‌పోర్టు గాని ఓటరు కార్డు గాని లేకున్నను, వయస్సు తెలుపు ఛాయాచిత్రపు పత్రము చూపి పోవచ్చును. రేషను కార్డు, పాన్ కార్డు, ఆధార్ ఇందు చెల్లును. తమిళలిపిలోని రేషను కార్డుకంటె ఇంగ్లీషు కూడ గల ఆధార్ నయము. టికెట్టుపై పేరు మాత్రము ఆ కార్డున నున్నట్లే, అక్షరము తప్పక, వ్రాయింపవలెను.