చౌకపెట్టె చరిత్ర

మా ఊరు బెల్లంకొండ. గుంటూరు నుండి నడికుడి పోయే రైలుదారిలో సత్తెనపల్లి, రెడ్డిగూడెం దాటిన తరువాత వచ్చే చిన్న స్టేషను. ఊరికి ఆనుకొని కొండ, కొండమీద కోట. చరిత్ర అనగానే మావాళ్ళు చేయెత్తి ఆ కోటనే చూపిస్తారు. రెడ్డిరాజులు ఏలారనీ, గజపతుల చేతికి పోయిందనీ, 1515 ప్రాంతంలో కొండవీటితో పాటు కృష్ణదేవరాయలు పట్టుకున్నాడనీ చెబుతారు. నేను చెప్పబోయే చరిత్ర అంత ఎత్తున లేదు. మా నడిమింట్లో టీవీ కింద, చెక్క అరలో ఉంది.

అది ఒక కంప్యూటరు. పాటలు, సినిమాలు, పాత టేపులు అన్నింటినీ ఒకచోట చేర్చి టీవీకి తగిలించుకునే పెట్టె. దొరలు దీనికి హోమ్ మీడియా సెంటర్ అని పేరు పెట్టారు. కంపెనీ తయారుచేసింది కొనకుండా, విడిభాగాలు ఏరుకొని తక్కువ ఖర్చుతో కట్టుకోవడం మా తరంలో చాలామందికి ఉన్న సరదా. నేను 2003లో ఒకటి, 2009లో ఒకటి కట్టాను. మూడవది ఈమధ్యనే పూర్తయింది. మొదటిదానికి భాగాలు ఎంచుకోవడంలో చేసిన తప్పుకు ఇంకా వడ్డీ కడుతూనే ఉన్నాను. అందుకే ఈ నాలుగు మాటలూ.

చౌకగా ఒక వినోదపు పెట్టెను కట్టడం మన దేశంలో కంప్యూటర్లతో మొదలు కాలేదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికా వారి ఏటీయస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 పల్లెలకు టీవీ చూపించారు. సైట్ ప్రయోగం అనే పేరు పెద్దవారికి గుర్తుండవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో తెలంగాణా పల్లెలకు, కర్నూలు వైపు పల్లెలకు ఆ భాగ్యం దక్కింది. మా గుంటూరు జిల్లాకు దక్కలేదు. ఆ టీవీ సెట్లకు రూపకల్పన అహమదాబాదు అంతరిక్ష కేంద్రంలో జరిగితే, తయారీ మన హైదరాబాదు ఈసీఐఎల్‌లో జరిగింది.

ఆ సెట్టుకు తగిలించిన యాంటెన్నా సంగతి చదివినప్పుడు నాకు ముచ్చట వేసింది. అది మూడు మీటర్ల గొడుగు. దానికి రేకు వాడలేదు, కోళ్ళగూళ్ళకు కొట్టే ఇనుప జాలీ వాడారు. ఉపగ్రహం నుండి వచ్చే తరంగం 860 మెగాహెర్ట్జులది, అంటే దాని పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. జాలీ కన్ను అంతకంటే ఎన్నో రెట్లు చిన్నది కనుక తరంగానికి ఆ కన్నాలు కన్నాలుగానే తోచవు, నిండు రేకు మీద పడినట్లే పడి వెనక్కు మళ్ళుతుంది. గాలి మాత్రం కన్నాలలోంచి పోతుంది కాబట్టి గొడుగు ఒరిగిపోదు. ఇంత చవక గొడుగు చాలడానికి కారణం పైన ఉంది. ఆ ఉపగ్రహానికి తొమ్మిది మీటర్ల పెద్ద యాంటెన్నా పెట్టారు. ఖర్చంతా ఆకాశంలో పెట్టి, నేలమీద ఆదా చేశారు. ఎక్కడ తగ్గించవచ్చో, ఎక్కడ తగ్గించకూడదో లెక్క తెలిసినవారి పని అది. నాకు ఆ లెక్క 2003లో తెలియలేదు.

కంప్యూటరు వైపు చూస్తే, ఏ కాలంలో అయినా ఒక భాగం మాత్రం ఏనుగంత ఖరీదు పలికేది. కొన్నేళ్ళు పోయాక అదే భాగం ఉచితంగా వచ్చేది. 1991లో మల్టీమీడియా పీసీకి కనీస ప్రమాణాలు ప్రకటించినప్పుడు రెండు మెగాబైట్ల మెమరీ, ఒక సీడీ డ్రైవు, ఒక సౌండు కార్డు ఉంటే అది గొప్ప యంత్రం. వీసీడీలు వచ్చిన కొత్తలో వాటిని చూడడానికి కంప్యూటరులో విడిగా ఒక ఎంపెగ్ కార్డు గుచ్చవలసి వచ్చేది. 1997లో ఎమ్మెమ్మెక్స్ పెంటియములు వచ్చేసరికి ఆ పని ప్రాసెసరే చేయసాగింది. కార్డు కొన్నవాడు దాన్ని అటక ఎక్కించాడు. సౌండు కార్డు గతి కూడా అంతే, మదర్‌బోర్డులో కలిసిపోయింది. తరువాతి పదేళ్ళలో డీవీడీకి, హెచ్‌డీ వీడియోకు ఇదే కథ మళ్ళీ మళ్ళీ జరిగింది. ఒకనాటి ఖరీదైన కార్డు మరునాటికి బోర్డులో ఒక మూల చిప్పు.

ఇక్కడి బజారు కూడా అప్పుడే మారుతోంది. 1984 కంప్యూటరు విధానంతో దిగుమతులకు తలుపు కొంచెం తెరుచుకుంది. 1997లో భారతదేశం సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరి, 2005 నాటికి చాలా భాగాల మీద దిగుమతి సుంకం ఎత్తివేసింది. సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు ఆ రోజుల్లో మా బోటివాళ్ళకు తిరుపతి. ఒక్కొక్క అంతస్తూ ఎక్కుతూ, కాగితం మీద ధరలు రాసుకుంటూ, చివరికి మొదట అడిగిన కొట్టుకే తిరిగి వచ్చేవాళ్ళం.

2003లో నా దగ్గర ఉన్నది 18,000 రూపాయలు. మానిటరు అక్కరలేదు, టీవీ ఉంది కదా. డ్యూరాన్ ప్రాసెసరు, 256 మెగాబైట్ల మెమరీ, 40 గిగాబైట్ల హార్డుడిస్కు, సీడీ రైటరు, టీవీ ట్యూనరు కార్డు తీసుకున్నాను. టీవీకి కలపడానికి ఎస్-వీడియో రంధ్రం ఉన్న జీఫోర్సు ఎమ్మెక్స్ 440 కార్డు కూడా. మైక్రోసాఫ్టు వారు 2002లోనే ఎక్స్‌పీ మీడియా సెంటరు తెచ్చినా, అది మొదట్లో కంపెనీ యంత్రాలతోనే వచ్చేది, మావంటి చేతికట్టుడు పెట్టెలకు ఇచ్చేవారు కాదు. సరేనని మామూలు ఎక్స్‌పీతోనే సర్దుకున్నాను. డబ్బు అయిపోవచ్చింది. మిగిలింది క్యాబినెట్టూ, అందులో ఉండే పవరు సప్లయీ. రెండూ కలిపి వెయ్యి రూపాయలు. మీద 400 వాట్లు అని అంటించి ఉంది. చేత్తో ఎత్తి చూస్తే దూదిపింజలా తేలికగా ఉంది. ఆ తేలికను చూసి అనుమానించవలసింది పోయి సంతోషించాను.

పెట్టె కట్టింది వీసీడీల కోసమని బయటికి చెప్పుకున్నా, అసలు ఉద్దేశం నాన్న క్యాసెట్లు. మొత్తం 41. విజయవాడ ఆకాశవాణి నుండి పట్టిన నాటకాలు, హరికథలు కొన్ని. కార్తీకంలో కారెంపూడి వీరుల తిరునాళ్ళలో వీరవిద్యావంతులు పాడుతుండగా గుంపులో నిలబడి, టేపురికార్డరు భుజాన పెట్టుకొని పట్టినవి మూడు. మిగతావి ఇంటివి. విసుర్రాయి దగ్గర నాయనమ్మ పాడినవి, ఆమె పుట్టింట పెళ్ళిలో ముత్తైదువలు పాడినవి. ఆ పుట్టిల్లు కృష్ణ ఒడ్డున మా మండలంలోనే ఉండేది. 2013 తరువాత పులిచింతల నీళ్ళు నిలిచాక ఆ పల్లె లేదు.

అప్పుడు నేను పిడుగురాళ్ళలో అద్దెకుండేవాణ్ణి. సున్నపు బట్టీల ఊరు. నెల తిరిగేసరికి ప్రాసెసరు మీది ఫ్యాను రెక్కలు తెల్లగా సున్నం కొట్టినట్లయ్యేవి. ఫ్యాను హోరులో నాయనమ్మ గొంతు సగమే వినిపించేది. రాత్రిళ్ళు కూర్చొని ఒక్కొక్క క్యాసెట్టునూ కంప్యూటరులోకి ఎక్కించాను. ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. గంట క్యాసెట్టును సీడీ నాణ్యతలో యథాతథంగా ఉంచితే 635 మెగాబైట్లు. 41 క్యాసెట్లకు 26 గిగాబైట్లు. నా డిస్కు 40. సరిపోయేదే, కాని సినిమాలకు చోటు చాలదు. మన సినిమా అంటే మూడు వీసీడీలు, రెండు గిగాబైట్ల దగ్గరకు వస్తుంది. అందుకని 64 కిలోబిట్ల ఎంపీత్రీగా కుదించాను. గంట పాట 29 మెగాబైట్లలో ఇమిడింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నాన్న ఒకనాడు వచ్చి చూసి, "అన్నీ దీంట్లో పోశావు, బాగానే ఉంది. ఇది కాలిపోతే ఏంట్రా?" అన్నారు. కంప్యూటరు కాలిపోవడమేమిటని నవ్వాను. ఖాళీ క్యాసెట్ల కోసం వెతుకుతున్న భజన బృందం వాళ్ళకు, ఇక మనకెందుకని, ముప్పై అయిదు క్యాసెట్లు నేనే మూటగట్టి ఇచ్చాను.

2005 వేసవి. పల్నాటి ఎండ సంగతి తెలిసిందే. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది, పోయి వచ్చింది, మూడోసారి వచ్చినప్పుడు పటాసు పేలినట్లు చప్పుడు. పవరు సప్లయి తాను పోతూ హార్డుడిస్కు పచ్చబోర్డును కూడా తీసుకుపోయింది. స్టెబిలైజరు టీవీకి ఉంది, పెట్టెకు లేదు. పాత సమాచారం వెలికితీసే ఒక సంస్థవారు చెప్పిన ధర నా పెట్టె ఖరీదుకు రెట్టింపు. అప్పటికి నా వల్ల కాలేదు. తరువాత వల్ల అయ్యేనాటికి, ఇల్లు మారడంలో ఆ డిస్కు ఎక్కడో పోయింది. భజన బృందం దగ్గరికి పరుగెత్తాను. వాళ్ళు చక్కగా, శ్రద్ధగా, అన్నింటిమీదా భజనలు పట్టుకొని ఉన్నారు.

నాన్న ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

2009 నాటి పెట్టెలో ఆ భయమంతా కనిపిస్తుంది. ముందు పవరు సప్లయి కొన్నాను, ఆ తరువాతే ప్రాసెసరు. పేరున్న కంపెనీది, 350 వాట్లే, కాని ఎత్తితే ఇటుకంత బరువు. దానికి ముందు యూపీఎస్. మదర్‌బోర్డు ఏఎండీ 780జీ చిప్పుసెట్టుది. హెచ్‌డీ వీడియో విప్పే పని ఆ చిప్పే చేసేది కనుక 45 వాట్ల చిన్న ప్రాసెసరు చాలింది, ఫ్యాను హోరు తగ్గింది. హార్డుడిస్కులు రెండు, ఒకదానికి నకలు మరొకటి. ఎక్స్‌బీఎంసీ అనే ఉచిత సాఫ్టువేరు వేశాను. 2014 నుండి దీని పేరు కోడీ. అంతా బాగుంది కాని తెలుగులో పేర్లు పెడితే ఒత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట, లేకుంటే వరుసగా డబ్బాలు. మా నాన్న పాటల పేర్లన్నీ మళ్ళీ ఇంగ్లీషు అక్షరాలలో రాసుకున్నాను.

2012లో రాస్ప్‌బెరీ పై వచ్చినప్పుడు దానికీ ఆశపడ్డాను. 35 డాలర్ల బోర్డు, హెచ్‌డీ సినిమా ఆడించేది. తమాషా ఏమిటంటే కొత్తరకం హెచ్.264 వీడియోను అది అవలీలగా ఆడించేది కాని, డీవీడీలలోని పాత ఎంపెగ్-2 విప్పాలంటే వేరే డబ్బు కట్టి తాళంచెవి లాంటి సంఖ్య కొనుక్కోవాలి. చౌకపెట్టె కొనేవాడు ముందు తన బీరువాలో ఏమున్నదో చూసుకోవాలని నాకు అప్పుడు బాగా తెలిసింది.

మూడవ పెట్టెలో చెప్పుకోదగ్గ కంప్యూటరు ఏమీ లేదు. ఏదో ఆఫీసువాళ్ళు వదిలించుకున్న చిన్న యంత్రం, ఆరవ తరం ఇంటెల్ ప్రాసెసరుది, పాత సామాన్ల కొట్టులో తెచ్చాను. డిష్షు, యాప్‌లు అన్నీ టీవీలోనే ఉన్న ఈ రోజుల్లో సినిమా చూడడానికి ఇది కూడా అక్కరలేదు. అయినా కట్టింది ఒకే ఒక్క పనికి. ఈసారి డబ్బు ఎక్కువగా పెట్టింది కంప్యూటరుకు బయట. ఒక పాత టేపు డెక్కును బాగుచేయించాను. రబ్బరు బెల్టులు మార్పించి, హెడ్డును స్పిరిట్టుతో తుడిచి, హెడ్డు వాలు సరిచేసే చిన్న మరను వింటూ వింటూ తిప్పాను. ఆ మర పావు చుట్టు తిరిగితే చాలు, దుప్పటి కప్పినట్లున్న గొంతు బయటికి వస్తుంది. ఇరవై ఏళ్ళ క్రితం నేను బోర్డుకు ఉన్న ఉచిత సౌండు చిప్పుకే తీగ గుచ్చి, ఈ మర జోలికి పోకుండా ఎక్కించాను. ఇప్పుడు యూఎస్‌బీకి తగిలే విడి సౌండు పెట్టె ఉంది. డిస్కు కాపీలు మూడు. రెండు ఇక్కడ, ఒకటి గుంటూరులో చెల్లెలి ఇంట్లో.

ఎక్కించడానికి మిగిలినవి భజన మూటలో పోకుండా అటక మీద ఉండిపోయిన ఆరు క్యాసెట్లు. వాటిలో కారెంపూడిది ఒకటి ఉంది. ఇవిగాక డల్లాసులో ఉన్న మా మేనత్త కొడుకు దగ్గర, 2004లో నేనే రాసి పంపిన ఒక సీడీ దొరికింది. "నువ్వు పంపావని కూడా మరిచిపోయాను బావా" అంటూ ఆ ఫైళ్ళు పంపాడు. అందులో నాయనమ్మ పాట ఒకటే ఉంది. పదకొండు నిమిషాలు, 64 కిలోబిట్లు, వెనక పిడుగురాళ్ళ అద్దింటి కరెంటు గూఁ అనే శబ్దం. ఆ శబ్దాన్ని తగ్గించే సాఫ్టువేర్లు ఉన్నాయి, వేసి చూశాను. గూఁ పోయింది, దానితో పాటు విసుర్రాయి గరగర కూడా పోయింది. తీసేశాను, ఉన్నది ఉన్నట్లే ఉంచాను.

కారెంపూడి క్యాసెట్టు రెండో వైపు పట్టీ ముడతపడి ఉంది. ఇంకా డెక్కులో పెట్టలేదు.