ఉప్పు కంచె

ఇరువురు రాజుల నడుమ పొలిమేర యుండుట లోకవాడుక. పందొమ్మిదవ శతాబ్దిలో ఆంగ్లేయులు మన దేశమున రెండు ధరల నడుమ పొలిమేర గీచిరి. సాంబరు సరస్సున ఉప్పు విరివిగా లభించుచుండెను. కాని యా సరస్సు జయపుర, జోధపుర సంస్థానములది. సరకు పుట్టుచోటు తమ వశమున లేదు గనుక, అది తమ సీమలో ప్రవేశించు దారులయందే సుంకము గైకొనవలసి వచ్చెను. ఇట్లు పెరిగిన సుంకపు సరిహద్దు 1869 నాటికి సింధునది మొదలు మహానది వఱకు సుమారు 2,300 మైళ్లు సాగెను.

దానిపై 1,727 ఠాణాలు, ఇంచుమించు పండ్రెండు వేలమంది బంట్లు నుండిరి. బండియైనను, ఒంటెయైనను, కాలినడకవాడైనను, ఠాణా యున్న ద్వారముననే దాటవలెను. అచట మూటలు విప్పి చూచి, సుంకము గైకొని, రవన్నా యను చీటీ నిచ్చెడివారు. పశ్చిమమునకు పోవు చక్కెరపైనను సుంకము గలదు. ద్వారములు తప్పించుకొని పోవువారిని ఆపుటకే కంచె. మొదట నది ఎండుకంపతో వేయబడెను. మైలు కంచెకు 250 టన్నుల కంప కావలెను. ఒక్కొక్కచోట ఆఱు మైళ్ల దూరమునుండి మోయవలెను. మోసి వేసినదానిని చెదలు తినును, గాలి యెగురగొట్టును, నిప్పు కాల్చును. 1867లో సుంకపు కమీషనరైన హ్యూము దొర యీ వృథావ్యయము చూచి, రేగు, తుమ్మ, వాక, జెముడు మొదలగు ముండ్లచెట్లను నాటించి సజీవమైన కంచెను పెంచుటకు బూనుకొనెను. 1885లో కాంగ్రెసు మహాసభకు మూలపురుషుడైన హ్యూము ఈయనయే! కంచె కొన్నిచోట్ల పండ్రెండడుగుల యెత్తు పెరిగెను. అయినను దానిమీదుగా ఉప్పుమూటలు విసరుట మానలేదు.

1879 ఏప్రిలు 1వ తేదీని ఈ గీతలో అధికభాగము ఎత్తివేయబడెను. ఇది ప్రభుత్వమువారి కరుణ యని తలపరాదు. 1870లోనే వారు సాంబరు సరస్సును కౌలునకు గైకొనిరి. ఉప్పు పుట్టుచోటనే పన్ను వేయగలిగినప్పుడు వేలకొలది బంట్లకు జీతములేల? అయితే మఱియొక చిక్కు గలదు. రెండు సీమలలో పన్ను వేఱుగా నున్నంతకాలము, తక్కువ పన్ను చెల్లించిన ఉప్పు ఎక్కువ పన్ను గల సీమకు పాఱును. గీత లేనిదే దాని నాపుట కష్టము. కావున పన్నులను దగ్గఱకు దేవలసి వచ్చెను. ఉత్తరదేశమున మణుగు 1కి 3 రూపాయలుండగా, చెన్నపట్టణ, బొంబాయి రాజధానులలో 1 రూపాయి 13 అణాలు మాత్రమే. (ఈ మణుగు మన యెనిమిది వీసెల మణుగు కాదు, నలుబది సేర్లది.) ఉత్తరమున తగ్గించి, దక్షిణమున పెంచి, రెంటిని 2 రూపాయల 8 అణాలకు దెచ్చిరి.

కంచెను కంటితో నెన్నడు చూడని బళ్లారి, కర్నూలు, కడప రైతులకు ఆ పెంపు ఏ కాలమున వచ్చెనో చదువరు లాలోచింపవలెను. 1876 మొదలు 1878 వఱకు ధాత కరువు. పశువులు చచ్చి, గింజ దొరకక, జనులు గంజికేంద్రములకడ బారులు దీరిన దినములవి. గంజిలోనికి కావలసిన ఉప్పుపై మణుగునకు 11 అణాల పెంపు!

1882లో ఆ పన్ను దేశమంతటను 2 రూపాయలకు తగ్గింపబడినది. అప్పటికిని మన జిల్లాలవారు కంచె యున్ననాటి కంటె మణుగునకు మూడణాలు అధికముగానే చెల్లించుచుండిరి.