ముద్దాయి పక్కన నిలబడ్డ వకీలు

మన సంఘం ప్రత్యేక సంచికకు కోర్టు ఉద్యోగపు రోజుల గురించి రాయమని కార్యదర్శిగారు కోరారు. నా సర్వీసు సంగతులకన్నా ముద్దాయి తరఫు వకీళ్ల చరిత్ర రాయడం మేలనిపించింది.

మాది రఘునాథపల్లి. పొద్దున పాసింజరు బండిలో కాజీపేటకు వెళ్లి, అక్కడి నుంచి హనుమకొండ అదాలత్‌కు చేరేవాణ్ణి. “హంతకుల తరఫున మాట్లాడే వకీళ్లకు పాపం తగలదా?” అని బండిలో ఎవరో ఒకరు అడిగేవారు. చాలాకాలం నా దగ్గర జవాబు లేదు.

మా జనగామ తాలూకా అప్పట్లో నల్లగొండ జిల్లాలో ఉండేది. తెలంగాణా సాయుధ పోరాటపు కేసుల్లో 1949లో ప్రత్యేక ట్రిబ్యునళ్లు పలువురికి ఉరిశిక్షలు వేశాయి. తమకు వకీలు లేకుండానే విచారణ ముగించారని కొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చి వాదించారు. వకీలు లేనంత మాత్రాన ప్రతి ఉరిశిక్ష కేసులోనూ విచారణ చెల్లదనలేమని 1951 మార్చి 16న జనార్దనరెడ్డి కేసులో కోర్టు చెప్పింది. ఆ తర్వాత ఉరిశిక్షలు యావజ్జీవంగా మారాయిగాని, కేసు మాత్రం ఓడినట్టే.

తర్వాతి తరంలో ఆ బాధ్యత ఎత్తుకున్నవారు కె.జి. కన్నబిరాన్‌గారు. 1929లో పుట్టారు. హైదరాబాదులో ప్రాక్టీసు. ఆదిలాబాదు జిల్లా రైతులు భూమయ్య, కిష్టాగౌడ్‌లకు 1975 మే నెలలో ఉరి ఖాయమైతే, చివరి ఘడియలో స్టే తెచ్చారు. అయినా ఎమర్జెన్సీలో, డిసెంబరు 1న వారిని ఉరితీశారు. మన వరంగల్ అధ్యాపకుడు వరవరరావుగారు కూడా ముద్దాయిగా ఉన్న సికింద్రాబాదు కుట్రకేసు 1974లో మొదలై 1989లో కొట్టివేతతో ముగిసింది. పదిహేనేళ్లు! వాయిదా వాయిదాకూ ముద్దాయిల పక్కన నిలబడడమంటే ఏమిటో కోర్టు గుమాస్తాలకు తెలుసు.

నేను కళ్లారా చూసిన సంగతి ఒకటి. ఒక సెషన్సు కేసులో ముద్దాయి కూలీ. వకీలును పెట్టుకునే స్తోమత లేదు. జడ్జిగారు ఒక కుర్ర వకీలుకు స్టేట్ బ్రీఫ్ ఇచ్చారు. ఆయన రాత్రంతా కాగితాలు చదివినట్టున్నాడు. ముద్దాయి చూపగా దొరికిందన్న కత్తి పంచనామా తేదీ, అరెస్టు తేదీకన్నా ఒకరోజు ముందుంది! అన్నాళ్లూ ఆ ఫైలు మోసిన నేనూ గమనించలేదు. కేసు కొట్టేశారు. బయటికొచ్చిన కూలీ, “అయ్యా, పైసలు ఎవరికియ్యాలె?” అని నన్నడిగాడు. “ఎవరికీ వద్దు, ఇంటికి పో” అన్నాను. నా గొంతు బొంగురుపోయింది.

బండిలోని ప్రశ్నకు ఆ రోజు జవాబు దొరికింది. ఆ కుర్రవాడు లేకపోతే ఆ తేదీని చూసేవారెవరు?

1951లో కాదన్న హక్కు నెమ్మదిగా వచ్చింది. 1976 సవరణతో రాజ్యాంగంలో 39ఏ అధికరణం చేరింది. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో, బీదవానికి ఉచిత న్యాయసహాయం అతని హక్కేనని సుప్రీంకోర్టు చెప్పింది. 1987లో చట్టమైంది. అది 1995 నవంబరు 9న అమల్లోకొచ్చింది. కన్నబిరాన్‌గారి పుట్టినరోజూ నవంబరు 9 కావడం యాదృచ్ఛికమే అయినా నాకు ముచ్చటేస్తుంది. ఆయన 2010 డిసెంబరు 30న కన్నుమూశారు.

నిర్బంధంలో ఉన్న ఎవరికైనా ఆ చట్టం కింద ఉచితంగా వకీలు దొరుకుతాడు. మీ ఊళ్లో ఎవరికైనా ఆపద వస్తే ఈ ఒక్కమాట చెప్పండి.