నమూనా ట్యాంకు, డయోరమా

ప్లాస్టిక్ విడిభాగాలను అతికించి, రంగులు వేసి, యుద్ధంలో నలిగిన ట్యాంకులా తీర్చిదిద్దే అభిరుచి ఇది. దాన్ని నేల, చెట్లు, బొమ్మ సైనికులున్న దృశ్యంలో నిలిపితే డయోరమా.

ఎక్కువమంది వాడే కొలత 1/35, అంటే అసలు ట్యాంకులో 35వ వంతు. దీని వెనక పెద్ద లెక్కేమీ లేదు. 1960ల తొలినాళ్లలో జపాన్ సంస్థ తమియా జర్మన్ పాంథర్ ట్యాంకు కిట్టు తయారుచేసినప్పుడు లోపల మోటారుకు బ్యాటరీలు పట్టాల్సి వచ్చింది. అలా కుదిరిన సైజే ప్రమాణమై కూర్చుంది.

అసలు పని రంగు ఆరాక మొదలవుతుంది. చలికాలంలో మంచులో కలిసిపోయేలా తెల్లరంగు పూసిన సోవియట్ టీ-34 ట్యాంకునే తీసుకుంటే, ముదురాకుపచ్చ మీద హెయిర్ స్ప్రే కొట్టి, ఆరాక తెల్లటి యాక్రిలిక్ వేస్తారు. తర్వాత తడి కుంచెతో రుద్దితే అడుగునున్న స్ప్రే కరిగి, తెలుపు పెచ్చులుగా ఊడుతుంది. మూతల అంచులు, సైనికుల బూట్లు రాసుకునే చోట్లు ఎక్కువ రుద్దాలి. అంతటా ఒకేలా ఊడదీస్తే వెల్ల వెలిసిన గోడే మిగులుతుంది. కొత్తవాళ్లు ట్యాంకంతా తుప్పు పట్టించేస్తారు గానీ, నడిచే ట్యాంకు ట్రాక్‌లో నేలకు రాసుకునే భాగం మెరుస్తూనే ఉంటుంది.

డయోరమాలకు 1970లలో అమెరికన్ కళాకారుడు షెపర్డ్ పెయిన్ మంచి ప్రచారం తెచ్చాడు. మోనోగ్రామ్ సంస్థ కిట్లతో పాటు ఆయన దృశ్యాల కరపత్రాలు వచ్చేవి.

డయోరమా నేల మీది బురదకు ప్లాస్టర్‌లో రంగుపొడి కలుపుతారు. నేల మీది బురద రంగే చక్రాలకూ ఉండాలి. మంచుకు బేకింగ్ సోడా చవకే, కానీ ఏళ్లు గడిస్తే పసుపెక్కుతుంది.